బస్ లేన్ తెల్ల గీత జీవితకథ

లండన్ రహదారుల ఎడమ అంచున బస్సులకు కేటాయించిన వరుసను, అనగా బస్ లేన్‌ను, తక్కిన వాహనాల దారి నుంచి వేరుచేసే ఈ తెల్ల గీత, వేడికి కరిగి చల్లారగానే గట్టిపడే థర్మోప్లాస్టిక్ అనే పదార్థంలో సన్నని గాజుపూసలు కలిపి పరిచిన పూతగా జన్మించింది. రాత్రివేళ వాహన దీపాల కాంతిని ఆ పూసలు వెనక్కి మళ్లించి డ్రైవరు కంటికే చేర్చడం వల్ల చీకటిలో సైతం ఇది కనబడుతుంది. ఆ నగరంలో 1968లో వాక్స్‌హాల్ వంతెన మీద బస్ లేన్ ఏర్పడింది. ఈ గీత ఆ వంశంలో తర్వాతి తరానిది.

పక్కనున్న నీలి పలక మీద సైకిల్ బొమ్మ ఉన్నచోట సైకిలు నడిపేవారూ ఈ వరుసలో వెళ్లవచ్చు. గీత అఖండంగా ఉన్నంత మేర, పలక సూచించిన వేళల్లో, అనుమతి లేని వాహనాలు దీన్ని దాటకూడదు. పక్కవీధి కలిసేచోట మాత్రం కార్లు తిరగవలసి ఉంటుంది గనుక గీత తెగిపోతుంది లేదా ముక్కలవుతుంది. దాటడానికి అక్కడ లభించిన అనుమతిని ముందుగా వెళ్లే హక్కుగా డ్రైవర్లు పొరబడటమే ఈ గీత జీవితంలోని తీరని బాధ. బ్రిటన్ రహదారి నియమావళి అయిన హైవే కోడ్ 183వ నియమం, ఎడమకు తిరిగేవారు బస్ లేన్‌లో గానీ సైకిల్ లేన్‌లో గానీ ఏ దిక్కు నుంచి వచ్చే వాహనానికైనా దారి ఇవ్వాలని చెబుతోంది. 2022 జనవరి 29 నుంచి అమల్లోకి వచ్చిన హెచ్3 నియమం, నేరుగా సాగుతున్న సైక్లిస్టుకు అడ్డంగా తిరగరాదని మరింత విడమరిచింది.

ఎడమకు తిరిగేవారు సైక్లిస్టును దాటేసి వెంటనే మలుపు తీసుకోవడం ఒక ప్రమాదం కాగా, ఎదురు దిశ నుంచి వచ్చి కుడివైపు పక్కవీధిలోకి తిరిగే కారు కలిగించే ప్రమాదం అంతకన్నా గూఢమైనది, ఎందుకంటే అది మర్యాదలోంచి పుడుతుంది. నిలిచిపోయిన వాహనాల బారులో ఒకరు సందు వదిలి, రమ్మని చెయ్యి ఊపుతారు. ఆ సందులోంచి కారు ముందుకు వస్తుంది. కానీ ఆ బారుకు అవతల బస్ లేన్ ఖాళీగా ఉండి, అందులో సైక్లిస్టు సహజమైన వేగంతో వస్తుంటారు. ఎత్తయిన బస్సు ఆ బారు మీదుగా కనిపిస్తుంది గానీ, ఒక వ్యాను చాలు సైకిలును పూర్తిగా కప్పివేయడానికి. గంటకు 24 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 6.7 మీటర్లు, కారును గమనించి సైక్లిస్టు బ్రేకు నొక్కడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే, వేగం తగ్గడం మొదలయ్యేలోపే 10 మీటర్లు గడిచిపోతాయి. చెయ్యి ఊపినవారు తమ దారిని వదులుకోగలరే గాని, బస్ లేన్‌లో వచ్చేవారి దారిని దానం చేయలేరు.



ఏ పూతా చక్రాన్ని ఆపజాలదని ఈ గీతకు తెలుసు. అందువల్ల లండన్‌లోని కొన్ని కూడళ్లలో నేరుగా వెళ్లే సైకిళ్లకు పచ్చదీపం వెలిగినంతసేపు ఎడమకు తిరిగే వాహనాలను ఎర్రదీపంతో నిలిపే పద్ధతి రావడం దీనికి గొప్ప ఊరట. అటువంటి దీపాలు లేని పక్కవీధుల వద్ద వీధి మూల వంపును మరింత ఇరుకుగా కట్టి కారు నెమ్మదిగా మాత్రమే తిరిగేలా చేయడం రోడ్డు కట్టేవారి బాధ్యత. బస్ లేన్ పొడవునా చూపు అందేవరకు అంగుళం అంగుళంగా ముందుకు జరిగి, అందులో ఎవరూ రావడం లేదని రూఢి చేసుకున్నాకే దాటడం కారు నడిపేవారి బాధ్యత.