చెమట కనిపిస్తోంది సరే, ఆటేది?

మా రోజుల్లో ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లో రాబర్టో కార్లోస్ పేరు రాబర్టో లార్కోస్. లివర్‌పూల్ పేరు మెర్సీసైడ్ రెడ్. చెల్సీ పేరు లండన్ ఎఫ్‌సీ. ఆ గేమ్ తయారుచేసిన కోనామీ కంపెనీ వాళ్లకి లైసెన్సులు లేవు కాబట్టి పేర్లన్నీ అలా తిప్పి రాసేవాళ్లు. గ్యాలరీలో జనం కదిలీ కదలని అట్టముక్కలు. ఆటగాళ్ల మొహాలు కాస్త దూరం నుంచి చూస్తే అన్నీ ఒకటే. అయినా ఆ లార్కోస్ ఫ్రీకిక్ కొట్టడానికి నాలుగడుగులు వెనక్కి వేశాడంటే నారాయణగూడలోని మా గేమ్ పార్లర్‌లో ఒక్కడు కిక్కురుమనేవాడు కాదు.

ఇప్పుడు? ఆటగాడి మెడ మీది పచ్చబొట్టు కనిపిస్తుంది. రెండో హాఫ్ వచ్చేసరికి జెర్సీ చెమటకి తడిసి ఒంటికి అంటుకుంటుంది. 2021లో వచ్చిన ఫిఫా 22 కోసం 22 మంది ఆటగాళ్లకి సెన్సార్ల సూట్లు తొడిగి, నిండు మ్యాచ్ ఆడించి, ప్రతి కదలికనీ రికార్డు చేశారు. మరో రెండేళ్లకి, పేరు మారి వచ్చిన ఎఫ్‌సీ 24 కోసం 180కి పైగా నిజమైన మ్యాచ్‌ల నుంచి కదలికలు తీసుకున్నారు. ఇంత శ్రమపడి తయారుచేసిన ఆటల ముందు కూర్చుని, బాగ్ లింగంపల్లి హౌసింగ్ బోర్డు క్వార్టర్స్‌లో మా మేనల్లుడు కంట్రోలర్ సోఫా మీదికి విసిరేసి అంటాడు: "ఇది రియలిస్టిక్‌గా లేదు మామా!"

ఏమైందిరా అని అడిగితే వాడి స్ట్రైకర్ గోల్ ముందు బంతిని బయటికి కొట్టాడట. "తొంభై ఒకటి రేటింగ్ ఉన్నోడు అంత దగ్గర్నుంచి ఎట్ల మిస్ చేస్తడు?" అంటాడు.

నా బాధంతా ఈ ప్రశ్నతోనే. ఎంత మొనగాడైనా అంత దగ్గర్నుంచి మిస్ చేస్తాడు కాబట్టే దాన్ని ఫుట్‌బాల్ అంటున్నాం. ప్రపంచకప్ ఫైనల్లో పెనాల్టీని బారు మీదుగా కొట్టిన రాబర్టో బాజ్జో ఆ రోజుల్లో ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాళ్లలో ఒకడు. 1994లో ఆ ఒక్క తన్నుతో ఇటలీ చేతిలోంచి కప్పు జారిపోయింది. ఇప్పటి పిల్లలకి నిజమైన మొహం కావాలి, నిజమైన గడ్డి కావాలి, నిజమైన చప్పట్లు కావాలి. నిజమైన ఫుట్‌బాల్ మాత్రం వద్దు.

మా పార్లర్ సంగతి చెప్తాను. సగం దించిన షట్టర్, లోపల ఒక కూలర్, నాలుగు టీవీలు, నాలుగు ప్లేస్టేషన్ 2లు. గంటకింత అని అద్దె. కాలేజీ ఎగ్గొట్టినవాళ్లం, ఎగ్గొట్టనివాళ్లం అంతా చిల్లర పోగేసి ఆడేవాళ్లం. ఓడినవాడు లేవాలి, గెలిచినవాడు కూర్చోవాలి. అంతే రూలు. కంట్రోలర్ల మీది రబ్బరు అరిగిపోయి నున్నగా అయ్యేది. బటన్ ఎంతసేపు నొక్కితే పాస్ అంత బలంగా వెళ్లేది. ఒక్క పిసరు ఎక్కువ నొక్కితే త్రో పాలు. ఆటగాడు తిరిగి ఉన్న వైపుకి కాకుండా వెనక్కి పాస్ ఇవ్వబోతే, బంతి కాలికి తగిలి రెండు గజాలు దొర్లిపోయేది. అంతలో ఎదుటివాడి డిఫెండర్ వచ్చి తన్నుకుపోయేవాడు. అప్పుడు ఎవడూ గేమ్‌ని తిట్టేవాడు కాదు. "ఒళ్లు తిప్పుకోకుండా పాస్ ఇస్తే ఇంకేమైతది?" అని వెనక నిలబడ్డవాళ్లు వాడికే చివాట్లు పెట్టేవాళ్లు.

ఆ ఆటలూ తప్పుల్లేనివి కావు. 2006లో వచ్చిన కోనామీ గేమ్ పెస్ 6లో ఇంటర్ మిలాన్ ఆటగాడు అడ్రియానో షాట్ పవర్ 99. మైదానం మధ్యలోంచి కొట్టినా గోల్‌కీపర్ చేతులు విరిగేంత దెబ్బ. అందుకని ఇంటర్‌ని ఎవరూ తీసుకోకూడదని మాలో మేమే ఒప్పందం చేసుకున్నాం. ఒకే సందులోంచి పదేపదే పరుగెత్తించి గోల్ కొట్టేవాడితో రెండోసారి ఎవడూ ఆడేవాడు కాదు. ఆటని ఆటలా ఉంచే పూచీ ఆడేవాడిదని మాకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఇప్పటివాళ్లు ఆ పూచీ మొత్తం కంపెనీ నెత్తిన రుద్ది కూర్చున్నారు. గేమ్‌లో లొసుగు దొరికితే నెలంతా దాన్నే వాడతారు. కంపెనీ ఆ లొసుగు పూడిస్తే మళ్లీ కంపెనీనే తిడతారు.

కంపెనీల తప్పు లేదనడం లేదు, చాలా ఉంది. మేం దేవుడిలా కొలిచిన కోనామీయే పెస్ పేరు ఈఫుట్‌బాల్ అని మార్చి, 2021 సెప్టెంబర్ 30న సగం ఉడికిన సరుకుని జనం మీదికి వదిలింది. మొహాలు వంకర్లు, కాళ్లు ఒకదాంట్లోంచి ఒకటి దూరిపోవడం. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో అంత చెత్త రేటింగ్ అంతకుముందు ఏ ఆటకీ రాలేదు. చివరికి కంపెనీయే క్షమాపణ చెప్పుకుంది. రెండో పక్క ఫిఫా ఆటలు తయారుచేసే ఈఏ స్పోర్ట్స్ 2009లో అల్టిమేట్ టీమ్ తెచ్చింది. డబ్బు కట్టి ప్యాకెట్ విప్పాలి, లోపల ఏ ఆటగాడు ఉంటాడో అదృష్టం. ఇది జూదమేనని 2018లో బెల్జియం తేల్చింది. మరుసటి ఏడాది నుంచి అక్కడ ఆ ప్యాకెట్లు కొనే పాయింట్లు అమ్మడం మానేశారు. మన దగ్గర పిల్లలు అమ్మ ఫోన్లోంచి యూపీఐ కొట్టి ప్యాకెట్లు విప్పుతూనే ఉన్నారు.

పిల్లల ఆశలు ఇలా తయారవడానికి మూలం అక్కడుంది. డబ్బు పోసి కొన్న 91 ఎప్పుడూ 91 లాగే ఆడాలి కదా! బంగారం కొన్నవాడు తూకం అడిగినట్టు వీడు గోల్ అడుగుతాడు. పాస్ గురి తప్పకుండా గేమే సాయం చేస్తుంది. హాఫ్‌కి ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాల్లో మూడు గోల్స్ పడకపోతే విసుగు. సున్నా సున్నాతో ముగిసిన మ్యాచ్ గురించి మేం ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాకా నడుస్తూ, ఇరానీ చాయ్ చల్లారేదాకా మాట్లాడుకునేవాళ్లం. వీళ్లకి సున్నా సున్నా అంటే సర్వర్ పాడైందని అర్థం.

ఓడితే ఇంకో మాట సిద్ధం: స్క్రిప్టింగ్. అంటే ఎవరు గెలవాలో గేమే ముందుగా రాసిపెట్టుకుందని ఆరోపణ. 2020లో కాలిఫోర్నియాలో ముగ్గురు ఆటగాళ్లు ఈ విషయం మీదే ఈఏ మీద కేసు వేశారు. అలాంటిదేమీ వాడటం లేదని కంపెనీ చెప్పింది. తర్వాతి ఏడాది వాళ్లు కేసు వెనక్కి తీసుకున్నారు. ఆ అనుమానం మాత్రం పోలేదు.

మా మేనల్లుడికి నేను 2022 మార్చి 20 నాటి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫైనల్ చూపించాను. గోవా ఫటోర్డా స్టేడియం, మన హైదరాబాద్ ఎఫ్‌సీ మీద కేరళ బ్లాస్టర్స్. కేరళ గోల్ కొట్టి ముందుంది. 88వ నిమిషంలో, బెంచీ మీంచి వచ్చిన సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన వాలీ నేరుగా గోల్లోకి. ఆ తర్వాత పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ఏకంగా మూడు ఆపాడు. కప్పు మనది. ఇదే గేమ్‌లో జరిగి ఎదుటి పక్క వాడు ఉంటే ఏమనేవాడో వాడికీ తెలుసు. జీవితంలో నిజంగా జరిగినదాన్ని తెర మీద మోసం అంటున్నాం. ఇంతకన్నా అన్యాయం ఏముంది?

నెంబర్ల సంగతి ఇంకా ఘోరం. ఈ ఆటల్లో ప్రతి ఆటగాడికీ వీక్ ఫుట్‌కి ఇన్ని నక్షత్రాలని ఉంటుంది, ఒకటి నుంచి అయిదు దాకా. రెండు నక్షత్రాలవాడు చేతకాని కాలితో కొడితే బంతి ఎటో పోతుంది. పిల్లలు ఆ నక్షత్రాలు చూసి, వీడు పనికిరాడు అని పక్కన పడేస్తారు. ఈ ఊళ్లోనే సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒక బడిపంతులు ఉండేవాడు. కుర్రాళ్ల కోసం ఆయన చేతకాని కాలితో మాత్రమే ఆడాల్సిన టోర్నమెంట్లు పెట్టాడు. డ్రిబ్లింగ్ చేయకూడని టోర్నమెంట్లూ పెట్టాడు. లోపం కనిపిస్తే సాధన మొదలుపెట్టించేవాడే తప్ప చీటీ అంటించి వదిలేసేవాడు కాదు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడలు చూడండి. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ ఆయన్ని ఇంటికి పంపలేదు. ముందుకి తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. దక్షిణ కొరియాతో ఫైనల్లో మొదటి గోల్ పీకే బెనర్జీది, రెండోది ఆ జర్నైల్ సింగ్‌దే. 2-1తో స్వర్ణం. ఇప్పటి గేమ్‌లో డిఫెండర్‌ని ఫార్వర్డ్‌లో పెడితే వాడి రేటింగ్ దభీమని పడిపోతుంది. కుట్లు పడ్డ తల, ఆ తలలో ఉన్న మొండితనం లెక్కలోకే రావు.

వీఎస్‌టీ ఫ్యాక్టరీలో పనిచేసిన మా పెదనాన్న, ఫతే మైదాన్‌లో మ్యాచ్ ఉందంటే డ్యూటీ దిగి నేరుగా నడుచుకుంటూ వెళ్లిపోయేవాడు. ఆటగాళ్లు బలరామ్, తంగరాజ్, యూసుఫ్ ఖాన్‌ల పేర్లు ఇంట్లో చుట్టాల పేర్లలా వినిపించేవి. మా మేనల్లుడికి ఐరోపా క్లబ్బుల్లో రిజర్వ్ గోల్‌కీపర్ పేరు కూడా తెలుసు. తులసీదాస్ బలరామ్ సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడని తెలియదు. ఆ మహానుభావుడు పోయింది నిన్నగాక మొన్న, 2023 ఫిబ్రవరిలో.

ఫిఫా 22లో ఐఎస్‌ఎల్ చేర్చినప్పుడు, మన ఊరి జట్టు తెర మీద కనిపించినప్పుడు నేను నిజంగా పొంగిపోయాను. ఆ జట్టుని ఎంచుకుని ఆడరా అని మేనల్లుడితో అంటే, "రేటింగ్ తక్కువ మామా" అన్నాడు. ఊరంతా అలాగే అంది. గచ్చిబౌలి స్టేడియంలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. కప్పు గెలిచిన జట్టు నాలుగేళ్లు తిరక్కముందే జీతాల గొడవల్లో పడి, చేతులు మారి, 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరే మార్చుకుంది. రహీం పుట్టిన ఊరికి ఇప్పుడు ఐఎస్‌ఎల్‌లో జట్టు లేదు. పాత గేమ్ తెరిస్తే పసుపు జెర్సీలతో మాత్రం ఉంది.

కాబట్టి కంట్రోలర్ పట్టుకున్న ప్రతి కుర్రాడికీ నేను చెప్పేది ఒకటే. సెట్టింగ్స్‌లోకి వెళ్లి పాస్ సాయం తీసేసి మాన్యువల్ పెట్టు. హాఫ్ నిడివి పెంచు. ప్యాకెట్లు విప్పడం మాను. తక్కువ రేటింగ్ ఉన్న జట్టుని తీసుకుని ఒక సీజన్ మొత్తం ఆడు. పాస్ తప్పుతుంది, గోల్ మిస్ అవుతుంది, ఓడతావు. అప్పుడు వచ్చే ఒక్క గోల్‌కి నువ్వే లేచి నిలబడి అరుస్తావు. ఆదివారం పొద్దున జింఖానా గ్రౌండ్‌కో, దగ్గర్లోని ఏ స్కూలు మైదానానికో వెళ్లి అరగంట నిజమైన బంతి తన్ను, అదీ నీ చేతకాని కాలితో. ఆ తర్వాత నీ ఆట రియలిస్టిక్‌గా ఉందో లేదో నువ్వే చెప్పు, నేను వింటాను.