పది మైళ్ళ వాక్యానికి టీక

మూలం: పది మైళ్ళు. 27:48. గాలి, ముసురు.

ప్రతిపదార్థం: పది మైళ్ళు = పదహారు కిలోమీటర్ల పైచిలుకు దూరము, అందు సగము పోక, సగము రాక; 27:48 = ఇరువదియేడు నిమిషముల నలువదియెనిమిది సెకండ్లు; గాలి = పోవునపుడు ఎదురైనది; ముసురు = విడువక కురియు సన్నవాన. కర్తయు క్రియయు లేవు గనుక 'నేను తొక్కితిని' అని అధ్యాహారము.

ఇంగ్లండులో ఔత్సాహికులు తొక్కే సైకిల్ టైమ్ ట్రయల్ గురించి రాసుకునే వాక్యం సాధారణంగా ఇంతే ఉంటుంది. ఈ క్లుప్తతకు కారణం ఆ ఆట పుట్టుకలో ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర రోడ్డు మీద గుంపు పందేలకు పోలీసులు అడ్డుపడ్డారు, అక్కడి సైక్లింగ్ యూనియన్ కూడా నిషేధం పెట్టింది. 1895లో బిడ్‌లేక్ అనే ఆయన పూనికతో పోటీదారుల్ని ఒక్కొక్కరినే ఎడమెడంగా వదిలే పద్ధతి వచ్చింది. తెల్లవారుజామున, మెడ నుంచి కాలి మడమ దాకా నల్లబట్టల్లో, ఎవరికీ పట్టుబడకుండా తొక్కేవారు. దారులకు ఊరి పేర్లు కాక అక్షరాలూ అంకెలూ కలిపిన గుర్తులు పెట్టారు. అవి ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. చూసేవాడు లేని ఆటకు మిగిలే సాక్ష్యం గడియారం ఒక్కటే. ఆధారం లేని మాట రాయనని ప్రతిజ్ఞ చేసిన కావ్య వ్యాఖ్యాత మల్లినాథసూరికి కూడా ఇక్కడ దొరికేది ఈ నాలుగు ముక్కలే.

ఇక చర్చ. వీటిలో ఏది ప్రధానం? పూర్వపక్షి మీమాంసకుడి ఫక్కీలో ఇలా అంటాడు: 27:48 అన్నదే అసలు మాట, గాలీ ముసురూ వట్టి అర్థవాదం, అంటే అసలు మాటకు తోకగా వచ్చే మాట, ఓడినవాడి సణుగుడు. ఎదురుగాలిలో పోయింది వెనుకగాలిలో తిరిగి వస్తుంది కాబట్టి లెక్క సరి. వినడానికి న్యాయంగానే ఉంది, కూడికే తప్పు. గాలి లేని రోజు గంటకు 40 కిలోమీటర్లు తొక్కేవాడికి ఈ దూరం 24 నిమిషాల చిల్లర. గాలికి పోయేటప్పుడు 10 తగ్గి, వచ్చేటప్పుడు సరిగ్గా 10 కలిసిందనుకుందాం. 30 చొప్పున పోవడానికి 16 నిమిషాల పైచిలుకు, 50 చొప్పున రావడానికి 9 నిమిషాల 39 సెకన్లు, వెరసి 25 నిమిషాల 45 సెకన్లు. నిమిషంన్నర పైన ఎటు పోయింది? ఎదురుగాలిలో గడిపే సమయం ఎక్కువ, వెనుకగాలిలో గడిపేది తక్కువ. గాలి అప్పు తీరుస్తుంది గాని మైళ్ళలో తీరుస్తుంది, మనకు రావలసింది నిమిషాల్లో. నెమ్మదిగా తొక్కేవాడికైతే అదే గాలి వాడి వేగంలో ఇంకా పెద్ద వాటాను కోసుకుపోతుంది.

ముసురు సంగతి వేరు. వానకు ఉన్నంత చెడ్డపేరు దానికి తగదని ఈ టీకాకారుడి అభిప్రాయం. తిన్నని రోడ్డు మీద తడి పెద్దగా ఆపదు. వెనక్కి మళ్ళే రౌండెబౌట్ దగ్గర, తెల్లగీతల మీద టైరు జారుతుందేమోనని బ్రేకు పట్టినప్పుడే సెకన్లు రాలిపోతాయి. అసలు దొంగ వానతో వచ్చే చలి. 20 డిగ్రీల గాలి కంటే 5 డిగ్రీల గాలి సుమారు 5 శాతం చిక్కన. ఈ వేగాల్లో సైకిల్‌ను వెనక్కి లాగేది ముఖ్యంగా గాలే కాబట్టి, అదే బలంతో తొక్కినా పది మైళ్ళకు పాతిక సెకన్ల దాకా పోతాయి. తడిగాలి బరువని లోకం అనుకుంటుంది. నీటి ఆవిరి పొడిగాలి కంటే తేలిక, ఆ నేరం తేమది కాదు.

'అందరూ తొక్కింది అదే వానలో కదా, వరుస మారదు' అని రెండో ఆక్షేపం. నిమిషానికి ఒకరిని వదిలే ఆటలో అరవయ్యోవాడు బయల్దేరేసరికి మొదటివాడు పోయి దాదాపు గంట. గంటలో ఇంగ్లండు ఆకాశం ఎన్ని వేషాలు వేయదు! మూడోది కాస్త గట్టి ఆక్షేపం: 1978లో ఆల్ఫ్ ఎంగర్స్ 25 మైళ్ళను 49 నిమిషాల 24 సెకన్లలో ముగించాడు, 50 నిమిషాల గడప దాటిన తొలివాడు. ఆ అంకె పక్కన వాతావరణం ఎవరు చెబుతున్నారు? చెప్పరు, నిజమే. కానీ రికార్డు వేటగాళ్ళు వెచ్చని రోజునూ, బారోమీటరు దిగి గాలి పలచబడ్డ పూటనూ, వేగమైన రోడ్డునూ ఏరుకుంటారు. అటువంటి అంకెలో వాతావరణం లుప్తంగా ఉంటుంది గాని లేకపోదు. లాభాన్ని అంకెలో కలుపుకోవచ్చు, నష్టాన్ని మాత్రం సాకు అనాలి అంటే అది ఏ శాస్త్రం? కనుక 'గాలి, ముసురు' అన్నవి విశేషణాలు. అవి లేకపోతే 27:48 ఏ రోజు అంకెకూ పోల్చడానికి పనికిరాదు.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో 'గాలి, ముసురు' లేవు. అవి ఎక్కువగా గెలిచినవారి ప్రతులు. రెండు పాఠాలూ గ్రాహ్యాలే. 'పంక్చర్' అని చివర కలిపిన మూడో పాఠం మాత్రం ప్రక్షిప్తం. పది మైళ్ళలో పంక్చరైతే ఆగి బాగుచేసుకుని 27:48కి చేరడం దాదాపు కల్ల. అటువంటివాడి పేరు పట్టికలో అట్టడుగున, ముగించనివారి సరసన ఉంటుంది.