వయొలిన్ మీదే, కరెంటు మీదే, సినిమా మాది

"మా కథకు ప్రాణం సంగీతం. ఆ సంగీతానికి ప్రాణం లైవ్ వాయిద్యాలు. కీబోర్డు మోతలతో రాజీపడే మనుషులం కాము. అందుకే వయొలిన్, వేణువు, వీణ, నాదస్వరం వాయించే కళాకారులను ఆహ్వానిస్తున్నాం. ఏ ఊళ్లో ఉన్నా ఫరవాలేదు, ఇంట్లోనే రికార్డు చేసి ఫైలు పంపితే చాలు. ప్రస్తుతానికి బడ్జెట్ లేదు. ప్యాషన్ ఉన్నవాళ్లే సంప్రదించండి."

షార్ట్ ఫిల్ముల వాళ్లు, భక్తి ఆల్బముల వాళ్లు, సొంతంగా వీడియో గేమ్ తయారుచేస్తున్న కుర్రాళ్లు, డాలస్‌లో ఉద్యోగం చేస్తూ గోదావరి యాసలో వెబ్ సిరీస్ తీసే మిత్రబృందాలు, అందరి పిలుపూ కాస్త అటూ ఇటూగా ఇదే. పై మాటలు నేను కూర్చినవే గానీ, వరస మాత్రం ఏ వాయిద్యకారుణ్ణి అడిగినా అప్పజెబుతాడు.

మొదటి వాక్యాన్నీ చివరి రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. సంగీతం ప్రాణమట. ప్రాణానికి బడ్జెట్ లేదట. కెమెరా అద్దెకు ఉంది. లెన్సుకు ఉంది. ఒక్క షాటు కోసం గాల్లోకి లేపిన డ్రోన్‌కు ఉంది. డ్రోన్ కుర్రాడు ప్యాషన్‌తో ఎగరేయడు, అడ్వాన్సు పడితేనే బ్యాటరీ పెడతాడు. యూనిట్ బిర్యానీకి ఉంది. పోస్టరు మీద అక్షరాలు చెక్కినవాడికి ఉంది. సంగీతం కూర్చే సాఫ్ట్‌వేర్ చందా నెలనెలా ఠంచనుగా కట్ అవుతూనే ఉంది. ఒక్క ప్రాణం దగ్గరికి వచ్చేసరికే పర్సు కనపడదు.

చేతిలో పైసా లేక సినిమా తీసేవాళ్ల మీద నాకు కోపం లేదు. తెలుగు రాష్ట్రాల్లో మంచి సినిమాలు అలా కూడా వచ్చాయి. కానీ జేబు ఖాళీ అని ఒప్పుకోవడం వేరు, ఎదుటివాడి ప్యాషన్‌కు పరీక్ష పెట్టడం వేరు. డబ్బడిగితే ప్యాషన్ లేనట్టని ఎవరు తేల్చారు? ఆ లెక్కన మన డాక్టర్లలో ఒక్కడికైనా వైద్యం మీద ప్రేమ ఉందా?

సరే, ఒక అమాయకుడు ఒప్పుకున్నాడనుకుందాం. మర్నాడు అతనికి ఒక ఫోల్డరు వస్తుంది. అందులో తాళం కోసం క్లిక్ ట్రాక్, నమూనాగా గైడ్ ట్రాక్, రెండు పేజీల షరతులు. ఫైలు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్‌లోనే ఉండాలి. ఎంపీ3 వద్దు. ఫోన్లో రికార్డు చేస్తే అసలే వద్దు, కండెన్సర్ మైకు కావాలి. రివర్బ్ వేయకూడదు. గదిలో ప్రతిధ్వని ఉండకూడదు. ఫ్యాను రొద వినిపించకూడదు. అంటే మే నెల విజయవాడలో ఫ్యాను కట్టేసి, కిటికీలు మూసి, గోడలకు దుప్పట్లు వేలాడేసి, చెమట ఫింగర్‌బోర్డు మీద కారుతుండగా కరుణ రసం పలికించాలి. ఒక టేకు కుక్కరు కూతకు బలి. ఇంకొకటి పాత సామాన్లు కొంటామనే మైకు బండికి. బాగా వచ్చిన టేకులో పక్కింటి కుక్క అనుపల్లవి అందుకుంటుంది. ఇక నాదస్వరం వాళ్ల గతి దేవుడికే తెలియాలి. అపార్ట్‌మెంట్లో నాదస్వరం ఊదితే కింది ఫ్లాటు వాళ్లు పెళ్లెవరిదని అడగడానికి పైకొస్తారు.

గైడ్ ట్రాక్ సంగతి మరీ విడ్డూరం. దాన్ని కీబోర్డు మీద వాయించిన సంగీత దర్శకుడికి ఊపిరి అనే వస్తువుతో పరిచయం ఉండదు. వేణువుకు ఆగకుండా పన్నెండు బార్ల స్వరం రాస్తాడు. మీట నొక్కి పట్టుకుంటే ఎంతసేపైనా మోగుతుంది కదా, మనిషెందుకు మోగడని అతని సందేహం. పాశ్చాత్య శ్రుతిలో వయొలిన్‌కు జి తీగ కింద ఇంకేమీ లేదన్న కబురు అతనికి చేరి ఉండదు, ఇంకో రెండు మెట్లు దిగమంటాడు. పాటను పొద్దున ఒక శ్రుతిలో పంపి, సాయంత్రం గాయకుడి గొంతు కోసం అర మెట్టు ఎక్కిస్తాడు. కీబోర్డుకైతే అది ఒక బటను. వేణువుల వాడు సంచిలోంచి ఇంకో కొలత వేణువు తీయాలి, లేకపోతే కొనుక్కోవాలి.

గమకాల దగ్గర కామెడీ పతాక స్థాయికి చేరుతుంది. "గైడ్‌లో ఉన్నది ఫ్లాట్‌గా ఉంది గురువుగారూ, మీ స్టైల్లో ప్రాణం పోయండి" అని మెసేజ్. వీణ ఆవిడ తోడి గాంధారానికి ఇవ్వాల్సిన ఊపు ఇచ్చి పంపుతుంది. రెండో రోజు జవాబు: "సూపర్ మేడం. కాకపోతే ఆ నోట్ కాస్త ఊగుతోంది. స్ట్రెయిట్‌గా ఇంకో టేకు ఇవ్వగలరా?" ఊగకుండా ఉండే గాంధారం కీబోర్డులోనే ఉందిగా నాయనా, ఆవిణ్ణెందుకు ఉక్కపోతలో కూర్చోబెట్టావు?

వయొలిన్ బృందం కావాల్సివస్తే ఒక్కరినే పదహారుసార్లు వాయించమంటారు. ఒకే మనిషి, ఒకే వయొలిన్, ఒకే గది, ఎన్ని పొరలు వేసినా పదహారు మందిలా వినిపించదు కాబట్టి "ప్రతి టేకుకూ కుర్చీ కొంచెం జరపండి, వీలైతే ఇంకో వయొలిన్ అరువు తెచ్చుకోండి" అని ఉచిత సలహా కూడా ఇస్తారు. ఉచితంగా ఇచ్చేది వాళ్లు అదొక్కటే.

మద్రాసు స్టూడియోల రోజుల్లో వాయిద్యకారుడు వాయిద్యంతో వచ్చేవాడు, వాయించేవాడు, కాల్షీటు డబ్బు లెక్కపెట్టుకుని వెళ్లేవాడు. మైకు స్టూడియోది. ఇంజనీరు స్టూడియోది. గది, ఏసీ, టీ, టీ తెచ్చే కుర్రాడు, ఏదీ అతని ఖర్చు కాదు. అదీ ఊరికే దక్కలేదు. మలయాళ సినిమాలకు ఎక్కువగా పనిచేసిన ఎం.బి. శ్రీనివాసన్ ముందుండి సినీ మ్యుజీషియన్స్ యూనియన్‌ను నిలబెట్టింది వాయించినవాడికి కూలి సక్రమంగా ముట్టాలనే. ఇప్పుడు రిమోట్ పేరు చెప్పి స్టూడియో మొత్తాన్ని ఎత్తుకెళ్లి వాయించేవాడి పడగ్గదిలో పెట్టారు. మైకు అతనిదే, ఆడియో ఇంటర్‌ఫేసూ అతనిదే, ఎడిటింగ్ అతనిదే, ఫైళ్లకు పేర్లు పెట్టి అప్‌లోడ్ చేసే గుమాస్తాగిరీ అతనిదే. పని నాలుగింతలైంది కాబట్టి కూలి సున్నాకు తగ్గించారు!

దూరం నుంచి వాయిస్తే డబ్బు అక్కర్లేదని ఎక్కడా లేదు. బుడాపెస్ట్, ప్రాగ్, స్కోప్యే నగరాల ఆర్కెస్ట్రాలు దేశదేశాల సినిమాలకు వాయిస్తాయి. సంగీత దర్శకుడు తన ఊళ్లోనే కూర్చుని ఇంటర్నెట్‌లో వింటూ దిద్దుబాట్లు చెబుతాడు. గంటల లెక్కన బిల్లు కడతారు. హంగరీ వయొలినిస్టుకు ప్యాషన్ ఉందో లేదో ఏ నిర్మాతా వాకబు చేయడు. ఆ పరీక్ష రాజమండ్రి వయొలినిస్టుకే.

అలాగని ఈ రోగం మనకే ఉందనుకుని సిగ్గుపడకండి. 2012లో అమాండా పామర్ అనే అమెరికన్ గాయని అభిమానుల దగ్గర కిక్‌స్టార్టర్‌లో దాదాపు 12 లక్షల డాలర్లు సేకరించింది. ఆ వెంటనే తన కచేరీల్లో వేదికెక్కి వయొలిన్లు, బాకాలు వాయించడానికి ఊరూరా వాలంటీర్లను పిలిచింది. ప్రతిఫలం బీరు, కౌగిలింత. గోల గోలయ్యాక డబ్బు ఇస్తానని దిగొచ్చింది. 2018లో యూబీసాఫ్ట్ అనే గేముల కంపెనీ 'బియాండ్ గుడ్ అండ్ ఈవిల్ 2' కోసం అభిమానులను బొమ్మలూ పాటలూ పంపమంది. ఎంపికైన వాటన్నిటికీ కలిపి పంచడానికి 50,000 డాలర్ల మూట చూపించింది. ఎంపిక కాని వాళ్లు పడ్డ శ్రమ గాలికి. అక్కడి కళాకారులు దుమ్మెత్తిపోశారు. 2024 ముగిసేనాటికి కూడా ఆ గేము విడుదల కాలేదు.

మనవాళ్ల దగ్గర మాత్రం విదేశీయుల దగ్గర లేని ఒక అస్త్రం ఉంది. డబ్బు మాట ఎత్తగానే త్యాగరాజును తెస్తారు. "ఆ మహానుభావుడు రాజు పిలిచినా వెళ్లలేదండీ. సంగీతాన్ని అమ్ముకోకూడదు." వెళ్లలేదు, నిజమే. మరి ఆయన ఎలా బతికాడు? ఉంఛవృత్తి చేసుకుని. వీధిలో పాడుతూ నడిస్తే తిరువయ్యారు ఇల్లాళ్లు దోసెడు బియ్యం పోసేవారు. ఆ దోసెడు బియ్యమైనా పోయని వాళ్లు ఆయన పేరు ఎత్తకపోతే మర్యాదగా ఉంటుంది. పైగా కథలో ఆయన తిరస్కరించింది రాజు ఇస్తానన్న సొమ్మును. ఈ రాజులు ఇస్తామన్నదే లేదు, ఇక తిరస్కరించేదేమిటి?

నిజానికి ఈ పద్ధతికి మనదగ్గర ఇంకో వంశవృక్షం ఉంది. తెలంగాణలో దొరల కాలంలో గడీలో పండగైనా పెళ్లయినా డప్పు ఊరికే మోగాలి. దాన్ని వెట్టి అనేవారు. డబ్బు బదులు ఎక్స్‌పోజర్ ఇస్తామని చెప్పాలన్న తెలివి ఆ దొరలకు తట్టలేదు.

ఉచితంగా పాడటమే తప్పంటారా అని ఎవరైనా అడగొచ్చు. ఏటా తిరువయ్యారు ఆరాధనలో వందలమంది విద్వాంసులు కావేరి ఒడ్డున కూర్చుని పంచరత్నాలు పాడతారు. పారితోషికం లేదు, ఎవరూ అడగరు. ఎరిక్ విటాకర్ అనే అమెరికన్ స్వరకర్త 2010లో 12 దేశాల నుంచి 185 మందిచేత వాళ్ల వాళ్ల ఇళ్లలో పాడించి, ఆ వీడియోలను కలిపి వర్చువల్ కోయిర్ అన్నాడు. 2020లో కరోనా తలుపులు మూసినప్పుడు 129 దేశాల నుంచి 17,572 మంది గొంతు కలిపారు. వాళ్లకు కావలసింది నలుగురితో కలిసి పాడటం, అది వాళ్లకు అందింది. అక్కడ కలవడమే పని, కలవడమే ఫలితం. మీ వెబ్ సిరీస్ మూడో ఎపిసోడ్‌లో విలన్ కారు దిగేటప్పుడు వెనకాల మోగే వయొలిన్‌కు ఆ సుఖం ఎక్కడిది? ఆ వాయించినావిడ మిగతా వాయిద్యకారుల మొహం కూడా చూడదు. ఫైలు పంపుతుంది, అంతే. దానికి "థాంక్యూ మేడం, టీమ్‌తో డిస్కస్ చేస్తాం" అని బదులు వస్తుంది.

డబ్బు బదులు పేరు వేస్తామంటారు. ఓటీటీలో పేర్లు ఎలా పడతాయో చూశారా? కథ అయిపోగానే తెర చిటికెడంత అయి మూలకు పోతుంది, తరువాతి ఎపిసోడ్ మొదలుకావడానికి ఐదు, నాలుగు, మూడు అని లెక్క నడుస్తుంది. భూతద్దం పెట్టినా వేణువు ఎవరిదో తెలియదు. పైగా పేరు వేయడం వీళ్లేదో దయతలచి పెట్టే ప్రసాదం కాదు. మన కాపీరైట్ చట్టం ప్రదర్శకుల జాబితాలో నటుడు, గాయకుడు, వాయిద్యకారుడు, దొమ్మరివాడు, గారడీవాడు, పాములవాడు అందరినీ చేర్చింది. 2012 సవరణ తరువాత ప్రదర్శకుడికి తన పేరు చెప్పించుకునే హక్కుంది, తన కళను వాణిజ్యపరంగా వాడుకుంటే రాయల్టీ అడిగే హక్కూ ఉంది. అదే సవరణలో ఒక మెలిక పెట్టారు: సినిమాలో ఏదో యాదృచ్ఛికంగా కాసేపు కనబడి, ఆనవాయితీ ప్రకారం ఎక్కడా పేరు పడని మనిషి ఇంచుమించు లెక్కలోకే రాడు. అంటే పేరు కూడా కాగితం మీద రాయించుకోవలసిన ఆస్తే. పాములవాడైనా నాగస్వరం ఊది చేయి చాపుతాడు; వాయించేవాళ్లే ఇంగ్లీషులో సారీ చెప్పి ఊరుకుంటున్నారు.

చివర ఒక బెదిరింపు ఎప్పుడూ ఉంటుంది. "మీరు కాదంటే శాంపిల్స్‌తో కానిచ్చేస్తాం." కానివ్వండి! పేరున్న శాంపిల్ లైబ్రరీల్లో వినిపించే వయొలిన్లు కూడా ఎవరో స్టూడియోలో కూర్చుని, డబ్బు తీసుకుని వాయించినవే. మనిషి చేయి తప్పనిసరి అయితే ఉన్నంతలో ముప్ఫై సెకన్ల ఒక్క వయొలిన్ రాసుకోండి, దానికి కూలి ఇవ్వండి. పదహారు మంది బృందాన్ని ఊహించుకోవడం ఖర్చులేని పనే. వాళ్ల శ్రమ మాత్రం మీ ఊహ కాదు.

వాయించేవాళ్లకు ఒక మాట. ఈసారి అలాంటి ఫోల్డరు వస్తే ముందు మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా పంపండి: ఎంత ఇస్తారు, ఎప్పుడిస్తారు, పేరు ఎక్కడ వేస్తారు. జవాబు వచ్చేదాకా నమూనాగా పాతిక సెకన్ల ఎంపీ3 చాలు, దాంట్లో ఫ్యాను తిరుగుతూనే ఉండనివ్వండి. వేవ్ ఫైలు మాత్రం డబ్బు పడ్డాకే పంపండి.