ట్రాన్సమ్ జోలికి పోవద్దు

డాలస్ చుట్టుపక్కల మనవాళ్లకి ఇల్లు, పెద్ద కారు అయ్యాక పుట్టే తరువాతి కోరిక బోటు. కొత్తదాని ధర వింటే గుండె జారుతుంది కాబట్టి, లూయిస్‌విల్ సరస్సు దగ్గర ఎవరి పెరట్లోనో టార్పాలిన్ కింద పడున్న 30 ఏళ్ల నాటి ఫైబర్‌గ్లాస్ బోటు మీద కన్ను పడుతుంది. ఈ సలహాలు అలాంటివారి కోసమే. తు.చ. తప్పకుండా పాటిస్తే, కొనే రోజున మాత్రం మీ మనసుకు ఏ కష్టమూ కలగదు.

చూడటం ముందు వైపు నుంచి మొదలుపెట్టండి. సీట్ల కుట్లు, స్టీరియో, కప్ హోల్డర్లు తనివితీరా చూడండి. మోటారు తగిలించే వెనక గోడను ట్రాన్సమ్ అంటారు, అటు వెళ్లకపోవడమే మేలు. ఆ కాలపు బోట్లలో చాలావాటికి అది ఉత్త ఫైబర్‌గ్లాస్ కాదు, రెండు పొరల మధ్య ప్లైవుడ్ పెట్టి మూసేసింది. పైన నిగనిగలాడుతుంటే లోపలి చెక్క సంగతి మీకెందుకు? పైన పటారం లోన లొటారం అని పెద్దవాళ్లు అన్నది బోట్లను చూసి కాదు కదా.

ఖర్మకాలి వెనక్కి వెళ్లారనుకోండి. మోటారు బిగించిన చోట, మూలల్లో సన్నటి నెర్రెలు కనిపిస్తాయి. వయసు మీద పడితే ఎవరికైనా తప్పవు లెమ్మని సర్దుకోండి. బోల్టు కింద వాషర్ ఫైబర్‌లోకి దిగబడిపోయి ఉంటే, అంత గట్టిగా బిగించిన మెకానిక్‌ని మెచ్చుకోండి. ఏ స్క్రూ కింద నుంచో డికాషన్ రంగు చార కారి ఉంటే జేబురుమాలుతో తుడిచేయండి. అమ్మేవాడు కూడా సంతోషిస్తాడు.

కొందరు ప్లాస్టిక్ సుత్తి పట్టుకొచ్చి, కుండలు బేరమాడేవాళ్లలా జానెడు జానెడుకీ కొట్టి చెవి ఒగ్గుతారు. చెక్క గట్టిగా ఉంటే ‘టక్’మని తేటగా పలుకుతుందట, కుళ్లితే ‘బొద్’మంటుందట. మీరూ కొట్టండి, పై మూలల్లో మాత్రమే. అడుగున డ్రెయిన్ ప్లగ్ చుట్టూ, ఫిష్ ఫైండర్ సెన్సర్ కోసం స్క్రూలు దించిన చోట కొట్టారో, వినకూడనిది వినబడుతుంది.

మోటారును సగం పైకెత్తి, ప్రొపెల్లర్ ఉండే కింది భాగాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూసే మొండి మనుషులు కూడా ఉంటారు. మంచి గోడ బిగుసుకుని ఉంటుంది, కుళ్లినది మోటారుతో పాటే వంగుతుంది. ఇంకొందరైతే లోపలి వైపు నుంచి సన్నటి డ్రిల్ వేసి, వచ్చిన పొట్టు లేత రంగులో పొడిగా ఉందా, నల్లగా తడిముద్దలా ఉందా అని అరచేతిలో వేసుకుని నలిపి చూస్తారు. ఆ చిల్లును ఎపాక్సీతో పూడుస్తారులెండి. అయినా నిక్షేపంలాంటి బోటుకు చిల్లు పెట్టడానికి చేతులెలా వస్తాయో!

“ఇది సముద్రం మొహం చూడలేదు, సరస్సులో తిరిగిన బోటు, చెక్కకేం కాదు” అని అమ్మేవాడు అంటే వెంటనే నమ్మండి. నిజానికి చెక్కను తినే బూజుకు ఉప్పు పడదు, మంచినీళ్లే కావాలి. అందులోనూ పెరట్లో పడున్న బోటులో నిలిచే వాననీళ్లంటే దానికి పండగే. ఇలాంటివి ఎక్కువగా చదవకండి, నిద్ర పట్టదు.

పాత టూ-స్ట్రోక్ మోటారు తీసేసి 150 హార్స్‌పవర్ ఫోర్-స్ట్రోక్ తగిలించండి. అది 200 కిలోలు దాటుతుంది, గోడకూ తన సత్తా చూపించుకునే అవకాశం వస్తుంది. 1972 తర్వాత అమెరికాలో తయారైన 20 అడుగుల లోపు అవుట్‌బోర్డ్ బోట్లకు, ఎంత మోటారు వేయవచ్చో చెప్పే ప్లేటు ఒకటి ఉంటుంది. పిల్లల స్కూలు స్టిక్కరు అంటించడానికి అది చక్కని చోటు.

కాగితాల దగ్గర మాత్రం ఏమరుపాటు వద్దు. టెక్సాస్‌లో బోటుకొక టైటిల్, అవుట్‌బోర్డ్ మోటారుకు వేరే టైటిల్. రెండూ అక్షరమక్షరం సరిచూడండి. కాగితం కుళ్లదు.

కొన్నాక కుళ్లు బయటపడిందా? సిలికాన్ ట్యూబు తెచ్చి కనబడిన కన్నమల్లా మూసేయండి. లోపలి తడి ఎటూ పోకుండా భద్రంగా ఉంటుంది. తెలిసినవాళ్లయితే మోటారు దించి, లోపలి పొర కోసి, కుళ్లిన చెక్కంతా తవ్వితీసి, కొత్త మెరైన్ ప్లైవుడ్ ఎపాక్సీతో అతికించి, పైన మళ్లీ గ్లాసుగుడ్డ పొరలు వేస్తారు. షాపులో చేయిస్తే పాత బోటు ఖరీదుకు మించి బిల్లు రావచ్చు. ఈ మాట బేరంలో అంటే ధర తగ్గేది. మీరు డబ్బు ముందే ఇచ్చేశారు కాబట్టి ఆ తలనొప్పి లేదు.

రేపు మీరే దాన్ని అమ్మకానికి పెడితే ఒక్క జాగ్రత్త తీసుకోండి. సుత్తి పట్టుకొచ్చినవాడికి బోటు చూపించకండి. “నిన్ననే అమ్మేశామండీ” అని గేటు దగ్గరే చెప్పి పంపించేయండి.