ఎర్ర మచ్చ సాక్ష్యం

ఆఫీసు మీటింగులో వాదన ముదిరినప్పుడు ఈమధ్య ఒక స్లయిడు ప్రత్యక్షమవుతోంది. వెబ్ పేజీ బొమ్మ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మచ్చలు. దాన్ని హీట్ మ్యాప్ అంటారు. అది తెర మీద పడగానే అప్పటిదాకా కత్తులు దూసుకున్న వాళ్ళంతా గప్‌చుప్. యూజర్ల కళ్ళే చెప్పాయన్నాక ఇంకెవరు నోరెత్తుతారు? మనిషి మాట మారుస్తాడేమోగానీ కన్ను మార్చదట. చూపు జాడ పట్టే ఐ ట్రాకింగ్ పరికరాలు అమ్మేవాళ్ళ పల్లవి ఇదే. కొన్నవాళ్ళు చరణాలు అందుకుంటారు.

పరికరం చేసే పని నిజానికి ముచ్చటైనదే. కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగును ముఖం మీద వేస్తుంది. కంటిపాప మధ్యబిందువుకూ, కార్నియా మీద తళుక్కుమనే చుక్కకూ ఉన్న ఎడం కొలుస్తుంది. చూపు తెర మీద ఎక్కడ వాలిందో దాన్నిబట్టి లెక్కగడుతుంది. మనకు స్పష్టంగా కనిపించేది, చాచిన చేతి బొటనవేలి గోరంత మేర మాత్రమే. తక్కినదంతా మసక. అందుకే కన్ను సెకనుకు మూడు నాలుగుసార్లు గెంతుతూ, ఆగుతూ, మళ్ళీ గెంతుతూ ఉంటుంది. ఆ గెంతులూ ఆ ఆగుళ్ళూ నమోదు చేయడంతో యంత్రం పని సరి. ఆగిన చోట మనిషికి ఏమనిపించిందన్నది దాని సిలబస్‌లో లేదు. ఆ పేపరు మాత్రం మన మేనేజర్లు ఎక్కడా ఆగకుండా రాసేస్తారు.

ఎర్రగా ఉందంటే అక్కడ ఎక్కువసేపు చూశారని అర్థం. ఎందుకు చూశారు? నచ్చి చూసి ఉండొచ్చు. ఒక్క ముక్కా అర్థంకాక చూసి ఉండొచ్చు. రైలు టికెట్టు తీసుకునేవాడు క్యాప్చా అక్షరాల్లో అది సున్నానా, ఓ అక్షరమా అని కళ్ళు చిట్లించి చూస్తాడు. ఆ చూపుకి హీట్ మ్యాప్ వేస్తే క్యాప్చా నిప్పుకణికలా వెలిగిపోతుంది. మన రిపోర్టు రచయిత దాని కింద ‘యూజర్లను విశేషంగా ఆకట్టుకున్న అంశం’ అని రాసి, వచ్చే విడుదలలో రెండు క్యాప్చాలు పెట్టమని సిఫారసు చేసినా నాకు ఆశ్చర్యం లేదు.

1980లో జస్ట్, కార్పెంటర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు, చదివేటప్పుడు కన్ను ఏ మాట మీద ఉంటే బుర్ర ఆ మాట మీదే పనిచేస్తుందని ఒక ఊహ ప్రతిపాదించారు. పేరా చదివే మనిషి గురించి వాళ్ళు అన్న మాట అది. దాన్ని చెప్పుల దుకాణం పేజీ దాకా లాక్కొచ్చి వేదవాక్యం చేసింది మనవాళ్ళే. చూపు ఒకచోట నిలిపి ధ్యాసను మరోచోటికి పంపవచ్చని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే తేల్చాడు. అంతదూరం ఎందుకు, పెళ్ళిచూపులకు వచ్చిన కుర్రాడికి ఈ పరికరం తగిలించండి. చూపంతా జీడిపప్పు పకోడీల ప్లేటు మీదే. ఎదురుగా కూర్చున్న అమ్మాయి మీద లేత పసుపు మచ్చ కూడా పడదు. రిపోర్టు ప్రకారమైతే అతను పకోడీకి తాళి కట్టాలి.

చూడకుండా చూడటం ఒక ఎత్తు. చూసీ చూడకపోవడం ఇంకో ఎత్తు. 2013లో అమెరికాలో ట్రాఫ్టన్ డ్రూ బృందం 24 మంది రేడియాలజిస్టులకు ఊపిరితిత్తుల స్కాన్‌లు ఇచ్చి గడ్డలు వెతకమంది. ఒక స్కాన్‌లో గొరిల్లా బొమ్మ దూర్చింది. గడ్డల సగటు సైజుకి అది 48 రెట్లు. 24 మందిలో 20 మందికి గొరిల్లా కనిపించలేదు. అసలు సంగతి ఐ ట్రాకర్ బయటపెట్టింది: కనిపించలేదన్న వాళ్ళలో ఎక్కువమంది చూపు నేరుగా గొరిల్లా మీదే వాలింది. కంపెనీ భాషలో చెప్పాలంటే గొరిల్లాకి ఎంగేజ్‌మెంట్ అద్భుతం! ఆ డాక్టర్లు ఏళ్ళతరబడి చూడటమే వృత్తిగా బతికినవాళ్ళు. వాళ్ళ గతే అదైతే, లంచ్ ముందు పావుగంట కూర్చోబెట్టిన యూజర్ చూపుని మాత్రం శిలాశాసనం అనుకోవాలా?

పాతవాళ్ళకి ఇంత ధీమా లేదు, కష్టం మాత్రం చాలా ఎక్కువ. పఠనం మీద 1908లో పుస్తకం రాసిన ఎడ్మండ్ హ్యూయీ, కంటికి మత్తుచుక్కలు వేసి, నల్లగుడ్డు మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కప్పు అతికించి, దానికి సన్నని అల్యూమినియం ముల్లు తగిలించి, కదలికలు గీయించాడు. సోవియట్ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ యార్బస్ చిన్న చూషణ కప్పుల్ని కళ్ళకు పట్టించాడు. ఆయన ఒకే మనిషికి ఒకే బొమ్మ, రేపిన్ వేసిన ‘అనుకోని అతిథి’ చిత్రం, మళ్ళీ మళ్ళీ చూపించాడు. ప్రతిసారీ ప్రశ్న మార్చాడు. ఈ కుటుంబం ఆస్తిపాస్తులు అంచనా వెయ్యి అంటే చూపు ఒక దారిన పోయింది. వీళ్ళ వయసులెంత అంటే ముఖాల చుట్టూ తిరిగింది. ఆ అతిథి ఇంటికి దూరమై ఎన్నాళ్ళయిందో చెప్పు అంటే ఇంకో దారి. బొమ్మ అదే, కళ్ళూ అవే, మారింది ప్రశ్న. 1967లోనే ఇంగ్లీషులోకి వచ్చిన ఈ సంగతిని హీట్ మ్యాప్ స్లయిడు నున్నగా మింగేస్తుంది. ఏం అడిగితే అలా చూశారన్నది ఆ మచ్చల పక్కన ఎవరూ రాయరు.

ఇక ఎఫ్ పురాణం ఉండనే ఉంది. 2006లో వెబ్ వాడుక నిపుణుడు జేకబ్ నీల్సన్ సంస్థ 232 మందిని పరీక్షించి, వెబ్ పేజీ మీద చూపు ఇంగ్లీషు ఎఫ్ అక్షరం ఆకారంలో పారుతోందని చెప్పింది. పైన రెండు అడ్డగీతలు, ఎడమపక్క ఒక నిలువుగీత. తీరూతెన్నూ లేని పాఠం గుట్టగా పోసినప్పుడు, చదివేవాడు ఓపిక నశించి ఆకులేరినట్టు ఏరుకునే పద్ధతి అది. రోగలక్షణం. డిజైనర్ లోకం దాన్ని మందుచీటీ అనుకుని పేజీలన్నీ ఎఫ్ అచ్చులో పోసింది. ఎఫ్ చదివేవాడికీ చేటు, వ్యాపారానికీ చేటు అని 2017లో ఆ సంస్థే మళ్ళీ విడమర్చి చెప్పాల్సి వచ్చింది. ఎంతమంది చదివారో! చదివినా ఎఫ్ ఆకారంలోనే చదివి ఉంటారు.

శాంపిల్ ముచ్చటా చెప్పుకోవాలి. నమ్మదగిన హీట్ మ్యాప్‌కి 39 మంది కావాలని నీల్సన్ సంస్థే లెక్కగట్టింది. మన దగ్గర ఐదుగురు దొరికితే పండగే. అందులో ఒకరికి దట్టమైన కాటుక, యంత్రం కంటిపాప ఏదో పోల్చుకోలేక తికమకపడుతుంది. ఇంకొకరికి బైఫోకల్ అద్దాలు. మరొకరు తల కదపకుండా కూర్చోలేరు. కాలిబ్రేషన్ కుదరలేదని వీళ్ళని మర్యాదగా ఇంటికి పంపిస్తారు. మిగిలినవాళ్ళు అదే ఆఫీసులో పై అంతస్తు కుర్రాళ్ళు. వాళ్ళ కళ్ళే దేశప్రజల కళ్ళు. ఆ ఐదుగురినే పక్కన కూర్చుని గమనించి, ఎక్కడ తడబడ్డారో అక్కడ “ఏమైందండీ?” అని అడిగితే పేజీలో లోపాలు సగం బయటపడేవి. కానీ అడగడానికి బడ్జెట్ శాంక్షన్ అవదు కదా.

నాకు యంత్రం మీద కోపం లేదు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పాల్ ఫిట్స్ బృందం విమానం దింపుతున్న పైలట్ల కళ్ళను సినిమా కెమెరాతో తీసింది. ఏ మీటరు తర్వాత ఏ మీటరు చూస్తున్నారో తెలిస్తే వాటిని ఎలా అమర్చాలో తెలుస్తుందన్నది వాళ్ళ ప్రశ్న. ముందు ప్రశ్న, తర్వాత కెమెరా. ఏఎల్ఎస్ జబ్బుతో చేతులూ మాటా పడిపోయిన మనిషి చూపుతోనే ఒక్కో అక్షరం ఏరుకుని ఇంట్లోవాళ్ళతో మాట్లాడుతున్నాడంటే, ఆ పరికరానికి దండం పెట్టాలి. అక్కడ చూపు ఎవరిదో వాళ్ళే దానికి అర్థం చెప్పుకుంటున్నారు, మధ్యలో దుబాసీ లేడు. మన మీటింగుల్లో మాత్రం నిర్ణయం ముందే అయిపోతుంది. బాసుగారు బ్యానర్ పైకి జరపమంటారు, ఆ తర్వాతే యూజర్ల కళ్ళని సాక్ష్యానికి పిలుస్తారు. పైన పెట్టాక పైన ఎర్రబడుతుంది, బాసుగారి ముందుచూపు రుజువవుతుంది.

ఇప్పుడా సాక్షుల ఖర్చు కూడా తప్పింది. రంగు, వెలుగు, గీతల వాలు చూసి కన్ను ఎటు లాగుతుందో అంచనా వేసే నమూనాని 1998లోనే ఇట్టీ, కోఖ్, నైబర్ ప్రకటించారు. ఆ బాటలోనే నేటి ఏఐ సేవలు డిజైన్ అప్‌లోడ్ చేయగానే క్షణాల్లో హీట్ మ్యాప్ చేతిలో పెడుతున్నాయి. కాటుక బెడద లేదు, అద్దాల బెడద లేదు, తల కదిలే సమస్యే లేదు. ఒక్క కన్నూ చూడని పేజీకి కళ్ళ సాక్ష్యం సిద్ధం. ఇంతకీ ఇది ఎవరి చూపు, ఏం వెతుకుతూ చూసిన చూపు అని అడిగి చూడండి. ఆ వివరం ప్రీమియం ప్లాన్‌లో ఉందేమో కనుక్కుని చెబుతాం అనగల సమర్థులు వాళ్ళు.