మూడు రాహుకాలాల ముహూర్తం

మనకు టైమంటే లెక్కలేదని గిట్టనివాళ్లు అంటుంటారు. శుద్ధ అబద్ధం. తెల్లవారుజామున 3 గంటల 42 నిమిషాలకు, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా, తాళి కట్టించగల జాతి మనది. గృహప్రవేశానికి ఆవు ఎక్కడ ఆలస్యమవుతుందోనని ముందురోజు సాయంత్రమే తోలుకొచ్చి గేటుకు కట్టేస్తాం. రోజుకు గంటన్నర రాహుకాలాన్ని గోడ గడియారం చూసి మరీ తప్పుకుంటాం. అలాంటి మనకు వైద్యశాస్త్రం కూడా ఒక ముహూర్తం పెట్టింది. మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడి మూతి వంకరపోయినా, చెయ్యి వాలిపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపల పడాలి. లెక్కేస్తే సరిగ్గా మూడు రాహుకాలాలు. ఈ ఒక్క ముహూర్తాన్ని మాత్రం ఇంటిల్లిపాదీ, ఊరూవాడా, ఆస్పత్రీ సర్కారూ కలిసికట్టుగా దాటించేస్తున్నాం.

ముహూర్తం ఎవరు పెట్టారంటారా? 1995 డిసెంబరులో అమెరికా వైద్యులు పెట్టారు. 624 మంది రోగులను తీసుకుని, జబ్బు మొదలైన మూడు గంటల్లోపు కొందరికి ఆల్టెప్లేస్ అనే మందు, మిగతావాళ్లకు ఉత్తుత్తి మందు ఇచ్చారు. మూడు నెలల తర్వాత చూస్తే, వైకల్యం దాదాపు లేకుండా బయటపడ్డవాళ్లు మందు పడినవాళ్లలో 39 శాతం, పడనివాళ్లలో 26 శాతం. 2008లో యూరప్ వైద్యులు గడువును నాలుగున్నర గంటలకు పొడిగించారు. గడువు పొడిగించారు గానీ, ఆ గంటలన్నీ ఒక్క విలువ చేసేవి కావు. 2014లో 6,756 మంది రోగుల వివరాలను ఒకచోట పోసి లాన్సెట్‌లో అచ్చువేశారు. మూడు గంటల్లోపు పదిమందికి మందు వేస్తే ఒకరు అదనంగా బాగుపడుతున్నారు. మూడు దాటి నాలుగున్నర లోపయితే అలాంటి ఒక్కరి కోసం ఇరవైమందికి వెయ్యాలి. మన పెద్దాయన ఆ పదిమందిలో ఉండాలా, ఇరవైమందిలో ఉండాలా అన్నది బావమరిది కారు తాళాలు దొరకడాన్ని బట్టి ఉంటుంది.

లక్షలూ కోట్లూ అంటే తప్ప చెవిన పెట్టనివాళ్ల కోసం జెఫ్రీ సేవర్ అనే అమెరికన్ న్యూరాలజిస్టు 2006లో ఇంకో లెక్క కట్టాడు. పెద్ద నాళం మూసుకుపోయిన స్ట్రోక్‌లో, అంటే మన భాషలో పక్షవాతంలో, వైద్యం అందకపోతే, సగటున నిమిషానికి 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయి. మూడు రాహుకాలాలకు 51 కోట్ల 30 లక్షలు. ఇంత ఆస్తి కరిగిపోతుంటే ఇంట్లో ఏం జరుగుతుందో చూద్దాం.

మొదట కనిపెట్టేది ఇంటావిడ. కాఫీ గ్లాసు ఆయన చేతిలోంచి జారిందని, మాట తేడాగా ఉందని గాభరాపడుతుంది. "నీకు ప్రతిదానికీ కంగారేనమ్మా" అని కొడుకు కసురుతాడు. అసలు చిక్కేమిటంటే ఈ జబ్బుకు సాధారణంగా నొప్పి ఉండదు. మన దగ్గర నొప్పికే మర్యాద. గుండె పట్టుకుని కుప్పకూలితే వీధి వీధంతా పరుగెత్తుకొస్తుంది. చెయ్యి చప్పుడు చెయ్యకుండా పడిపోతే "నిద్రలో ఒత్తుకుపోయి ఉంటుంది, కాసేపు రుద్దండి" అంటారు. పైగా కుడివైపు మెదడు దెబ్బతిన్న కొందరికి తమ ఎడమ చెయ్యి పనిచెయ్యడం లేదన్న సంగతే తెలియదు. అది మొండితనం కాదు, జబ్బు లక్షణం. కానీ ముప్పయ్యేళ్లుగా ఆయన మాటే శాసనంగా నడిచిన ఇంట్లో మొండితనానికీ జబ్బు లక్షణానికీ తేడా ఎవరు కనిపెడతారు? "నాకేం కాలేదు, ఫ్యాను వెయ్యండి" అంటాడాయన. ఫ్యాను వేస్తారు.

ఈలోగా మేనల్లుడు వాట్సాప్ తెరుస్తాడు. పక్షవాతం వచ్చిన మనిషికి పదివేళ్ల కొసలా సూదితో గుచ్చి చెడురక్తం పిండితే నిమిషాల్లో లేచి కూర్చుంటాడని అందులో ఉంది. ఆ సందేశం ఏళ్ల తరబడి ప్రపంచమంతా తిరుగుతోంది, ఒక్క మెదడునూ బతికించలేదు. అయినా ఫార్వర్డ్ చేసింది రిటైర్డ్ హెడ్మాస్టరు గారు కాబట్టి కుట్టుమిషను డబ్బా వెతుకుతారు. ఆస్పత్రి సూదికి సవాలక్ష సందేహాలుంటాయి మనకు. ఈ సూదికి సెగ చూపించారా లేదా అన్నది కూడా ఎవరూ అడగరు. ఒకరు పావురం రక్తం రాయమంటారు. ఇంకొకరు గాలి సోకిందంటారు. మూడోవారు చదువుకున్నవారు గనక వేడి కాఫీ తాగించమంటారు. మింగడం చేతకాని గొంతులోంచి ఆ కాఫీ నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

తర్వాత వీధి చివరి ఆర్ఎంపీ గారు వస్తారు. బీపీ చూస్తారు. 190 ఉంటుంది. నాలుక కింద మాత్ర పెడతారు. గడ్డకు అవతల అలమటిస్తున్న మెదడుకు నాలుగు చుక్కలైనా అందించాలని ఒళ్లే ఒత్తిడి పెంచుకుంటోందని, దాన్ని ఒక్కసారిగా పడగొడితే ఆ నాలుగు చుక్కలూ ఆగిపోతాయని ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పినా బీపీ తగ్గించకుండా ఫీజెలా అడుగుతారు? పనిలో పనిగా ఒక గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తారు. షుగర్ పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే కనిపించవచ్చు కాబట్టి వేలికొసన చుక్క తీసి చూడాల్సింది. వేళ్లకు అప్పటికే పది చిల్లులున్నాయి, చుక్కకు కొదవ లేదు. కానీ మిషనులో స్ట్రిప్పులు అయిపోయి ఉంటాయి.

ఎట్టకేలకు బయల్దేరతారు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 ఉండనే ఉంది. అయితే అంబులెన్సు ఇంటి ముందు ఆగితే నలుగురూ ఏమనుకుంటారు? కారులోనే వెళతారు. దారిలో సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రులు రెండు తగులుతాయి. ఆగరు. "మనవాళ్ల ఆస్పత్రి" ఇంకో ఇరవై కిలోమీటర్లుంది. రక్తనాళంలో గడ్డకు కులం లేదు గానీ కారు స్టీరింగుకు ఉంటుంది. తీరా వెళితే మనవాళ్ల ఆస్పత్రిలో స్కాను లేదు. ఉంది గానీ టెక్నీషియన్ రాత్రిళ్లు ఉండడు. అదీ కాకపోతే మిషను రిపేర్లో ఉంది. స్కాను లేకుండా మందు వెయ్యకూడదు మరి. గడ్డ అడ్డుపడినా, నరం చిట్లి రక్తం కారినా బయటికి ఒకేలా కనిపిస్తుంది. మొదటిదానికి ప్రాణం నిలిపే మందు రెండోదానికి ప్రాణం తీస్తుంది. కాబట్టి సెలైన్ పెట్టి, పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చి, ఆ సెలైన్‌కు బిల్లు వేస్తారు.

పెద్దాసుపత్రి బయట "ప్రతి నిమిషం విలువైనదే" అని నియాన్ దీపాల బోర్డు ఉంటుంది. లోపల రిసెప్షన్‌లో ఆధార్ అడుగుతారు. ఆరోగ్యశ్రీనా, ఇన్సూరెన్సా, క్యాషా? ఇన్సూరెన్సయితే ఆ డెస్కు పక్క భవనంలో ఉంది. క్యాషయితే ముందు అడ్వాన్సు కట్టాలి. లాంఛనాల పేరుతో ప్రాణం నిలిపే వైద్యాన్ని ఆలస్యం చెయ్యకూడదని సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో 1989లోనే చెప్పింది. కౌంటర్లో కూర్చున్న అమ్మాయి అప్పటికి పుట్టలేదు, ఆమెను అనుకుని లాభం లేదు. ఇదే భూమ్మీద హెల్సింకి అనే ఊరుంది. అక్కడి విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో 1998లో రోగి గుమ్మం తొక్కాక మందు పడడానికి 105 నిమిషాలు పట్టేది. 2011కల్లా దాన్ని 20 నిమిషాలకు తెచ్చారు. కొత్త మందేమీ కనిపెట్టలేదు వాళ్లు. అంబులెన్సు దారిలో ఉండగానే ఫోను అందుకున్నారు, రోగిని మంచం మీదికి కాకుండా నేరుగా స్కాను బల్ల మీదికి చేర్చారు, మందు అక్కడే వేశారు. మన దగ్గరా అలా పరుగెత్తి పనిచేసే డాక్టర్లున్నారు. వాళ్లు పరుగెత్తుకొచ్చేసరికి రోగి ఇంకా బిల్లింగు లైన్లో ఉంటాడు.

సరే, స్కాను అయింది. రక్తస్రావం లేదు. డాక్టరు గారు బయటికొచ్చి అడుగుతారు: "ఆఖరుసారి మామూలుగా ఉండగా చూసింది ఎప్పుడు?" చర్చ మొదలవుతుంది. సీరియల్ మొదలైనప్పుడు బాగానే ఉన్నాడని ఒకరు, ప్రకటనలప్పుడే మాట తేడా వచ్చిందని ఒకరు. అసలు టైము ఇంటావిడకు తెలుసు. మూల కుర్చీలో కూర్చున్న ఆవిడను ఎవరూ అడగరు.

ఇక సంతకం. మందు వేస్తే నూటికి ఆరుగురికి మెదడులో ప్రమాదకరమైన రక్తస్రావం కావచ్చని డాక్టరు దాచకుండా చెబుతారు. 1995 పరిశోధనలో అది 6.4 శాతం, మందు వెయ్యనివాళ్లలో 0.6. అదే పరిశోధనలో మూడు నెలల్లో చనిపోయినవాళ్లు మందు పడినవాళ్లలో 17 శాతం, పడనివాళ్లలో 21 శాతం అని కూడా చెబుతారు. మనకు మొదటి అంకె ఒక్కటే వినపడుతుంది. "గ్యారంటీ ఇస్తారా డాక్టర్ గారూ?" లేఅవుట్ పర్మిషన్ లేని ప్లాటు మీద, పక్కింటివాడి చిట్టీ మీద, ముక్కూ మొహం తెలియని యాప్ మీద సంతకాలు పెట్టిన చెయ్యే ఇక్కడ వణుకుతుంది. "అన్నయ్యకు ఓ మాట చెప్పాలి." అన్నయ్య న్యూజెర్సీలో మీటింగులో ఉన్నాడు. ఎత్తగానే రిపోర్టులన్నీ పంపమంటాడు, తనకు తెలిసిన డాక్టరుకు చూపించి చెబుతానంటాడు. ఆ డాక్టరు పళ్ల డాక్టరు. సంతకం పెట్టే హక్కున్న భార్య నాలుగడుగుల దూరంలో ఉంది. కానీ ఆవిడకు ఇంగ్లిషు రాదు కదా!

డాక్టర్లందరూ మహానుభావులేమీ కారు. రిస్కు తీసుకుంటే అద్దాలు పగులుతాయి, తీసుకోకపోతే ఎవరూ ఏమీ అనరన్నది కొందరు బాగా నేర్చుకున్నారు. ఆరు శాతాన్ని అరవై శాతంలా చదివి వినిపించి, బంధువులతోనే వద్దనిపించి, కేస్ షీట్లో "కుటుంబ సభ్యులు నిరాకరించారు" అని ఇంత పెద్ద అక్షరాలతో రాసుకుంటారు. మందు వేసి చంపితే వార్త. వెయ్యకుండా మంచాన పడేస్తే విధి.

ఒక అధునాతన పుకారు కూడా చెలామణిలో ఉంది: "ఇప్పుడు ఇరవైనాలుగు గంటల దాకా టైముందట, తొందరేం లేదు." తొడలోంచి తీగ పంపి గడ్డను లాగేసే చికిత్స 2015లో నిలదొక్కుకున్న మాట నిజం. 2018లో ఆ గడువు 24 గంటల దాకా సాగిన మాటా నిజం. అది పెద్ద నాళం మూసుకుపోయి, ఇంకా బతికున్న మెదడు స్కానులో కనబడిన కొద్దిమందికి. ఆ షరతులేవీ పుకారుతోపాటు ప్రయాణం చెయ్యలేదు. ఇక మందు సంగతి. గడ్డను కరిగించేదే, పుణెలో తయారయ్యే టెనెక్టెప్లేస్ ఉంది. గంటసేపు ఎక్కించే పని లేదు, ఒక్క పోటుతో అయిపోతుంది. స్ట్రోక్‌కు దాన్ని అమెరికా 2025లో అనుమతిస్తే, మనం అంతకు కొన్నేళ్ల ముందే అనుమతించాం. అగ్రరాజ్యం కన్నా ముందే మందు చేతిలో పెట్టుకుని, రోగి రాక కోసం ఫ్రిజ్జులో దాచుకున్నాం. ఏటా అక్టోబరు 29న ప్రపంచ స్ట్రోక్ దినం నాడు మాత్రం టీషర్టులు పంచి నడకలు పెడతాం. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వచ్చి సమయం విలువ గురించి ప్రసంగిస్తారు.

ఇన్నీ దాటి అదృష్టవశాత్తూ మందు పడిందనుకుందాం. మర్నాడు పొద్దున్నే అల్లుడుగారు వచ్చి చూసి, "చెయ్యి లేవలేదుగా, ఇంజెక్షన్ డబ్బులు దండగ" అని తేల్చేస్తారు. ఆ 1995 పరిశోధన మొదటి భాగంలో 24 గంటలకు చూసినప్పుడు వైద్యులకూ రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. తేడా మూడు నెలలకు తేలింది. అల్లుడుగారికి అంత ఓపిక లేదు.

ఆ మూడు నెలల లెక్క చూడడానికి డాక్టర్ల దగ్గర రాంకిన్ అనే కొలబద్ద ఉంది. సున్నా అంటే ఏ ఇబ్బందీ లేదు, ఆరు అంటే మనిషి లేడు. రెండు అంటే తన పనులు తాను చూసుకుంటాడు. మూడు అంటే కొంత సాయం కావాలి, నడక మాత్రం తనదే. నాలుగు అంటే ఒకరు పట్టుకోకుండా నడవలేడు, స్నానానికీ దొడ్డికీ ఒకరుండాలి. ఆ "ఒకరు" ఎవరో కొలబద్దలో రాయలేదు. మన ఇళ్లలో రాయనక్కర్లేదు కూడా. ఆయనను రోజుకు ఆరుసార్లు లేపి కూర్చోబెట్టే ఆవిడ నడుముకు అందులో అంకె లేదు. నొప్పి భరించలేక ఆవిడ మొన్న వీధి చివరి ఆర్ఎంపీ దగ్గరికే వెళ్లి ఇంజెక్షన్ వేయించుకుంది. దానికి ఎవరూ గ్యారంటీ అడగలేదు, న్యూజెర్సీకి ఫోనూ చెయ్యలేదు.