చీరకు సిగ్గంట, కిల్టుకు లేదంట

ఈ కాలం పిలకాయలకు గోల చెయ్యడం చాతగాదు. కోపం తెచ్చుకోవాకు నాయినా, ఉన్నమాట చెప్తా ఉండా. లారీ నిండా డీజే పెట్టెలు పేర్చి, ఎవుడో ఒకడు మీట నొక్కితే గుండెకాయ అదిరేది కరెంటోళ్ళ గొప్పతనం, నీది గాదు. నువ్వు చేసేదల్లా ఫోను పైకెత్తి పట్టుకోని నిలబడటం. గోలంటే అరచేతులు బొబ్బలెక్కల్ల, గొంతు పోవల్ల, మర్నాడు పొద్దన మజ్జిగ కావల్లంటే పెండ్లానికి సైగ చేసి అడగల్ల. మా రోజుల్లో గంగజాతర అయినాక తిరుపతిలో సగం మంది మొగోళ్ళు రెండు దినాలు మూగోళ్ళే. ఆడోళ్ళకు అదే అసలు పండగని మా అవ్వ అంటా ఉండె.

తాతయ్యగుంట గంగమ్మ జాతరంటే మీకు తెలిసింది పుష్ప రెండో భాగం. 2024 డిసెంబర్లో ఆ సినిమా వచ్చి, అల్లు అర్జున్ చీర కట్టినాడని దేశమంతా ఈలలేసింది. మా వీధిలో బియ్యంకొట్టు శెట్టి కట్టినాడు, బడి అయ్యోరు కట్టినాడు, జట్కా తోలే ఆయన మీసాలు తియ్యకుండానే కట్టినాడు. ఒక్కడూ ఈల వెయ్యలా. మొక్కు కదా, ఈలెందుకు?

అమ్మ కత నీకు ఎవురన్నా చెప్పినారో లేదో. అవిలాలలో పెరిగిన బిడ్డ. ఊళ్ళో ఆడబిడ్డల్ని బతకనియ్యని పాలెగాడొకడు ఆమె జోలికొచ్చి, నిజరూపం చూసి జడుసుకోని దాక్కున్నాడు. వాణ్ణి వెతికేదానికి అమ్మ దినానికొక వేషం కట్టింది. బైరాగి, బండ, తోటి, చివరికి దొర వేషంలో వస్తే, ఎవురో పెద్ద దొర వచ్చినాడని వాడు బయటికొచ్చినాడు, తల తెగింది. అందుకని ఇప్పటికీ కైకాల కులపోళ్ళు ఆ వరసలోనే వేషాలు కడతారు, వాళ్ళ వెనకాల ఊరు ఊరంతా కడతాది. వేషంలో ఉన్నోడు ఎవుర్ని ఎంత మాటన్నా అనొచ్చు. అనిపించుకున్నోడు నవ్వుకోని లోపలికి పోవాల్సిందే. నేను బొగ్గుపొడి పూసుకోని, వేపాకు చుట్టుకోని, మా తెలుగు అయ్యోరి ఇంటి ముందర నిలబడి, ఏడాదంతా దాచిపెట్టుకున్న తిట్లన్నీ ఏకరువు పెట్టినాను. ఆయన అరుగు మీద కూర్చోని అంతా విన్నాడు. ఒక తిట్టులో విభక్తి దిద్దినాడు. చెంబుడు అంబలి పోయించి పంపించినాడు. అట్లాంటి అయ్యోర్లు ఇప్పుడు యాడుండారు? అట్లాంటి తిట్లు మాత్రం యాడుండాయి? మీరు తిట్టుకునేది నాలుగే నాలుగు ఇంగ్లీషు మాటలు, అవే తిప్పి తిప్పి వాడతారు.

ఈ సంగతి ఎందుకెత్తినానంటే, మా మనవడు బోస్టన్‌లో ఉండాడు. వానికి పదిహేనేళ్ళప్పుడు, జాతరకు చీర కట్టుకోరా అమ్మకు మొక్కు ఉండాది అంటే, స్నేహితులు నవ్వుతారని తలుపేసుకున్నాడు. వాడే ఇప్పుడు మార్చి నెల్లో మోకాళ్ళ దాకా గళ్ళ పావడా కట్టుకోని, కిల్టంట దాని పేరు, డ్రాప్‌కిక్ మర్ఫీస్ అనే బ్యాండు కచేరీకి పొయ్యి వీడియో పంపించినాడు. బోస్టన్ పక్కన క్విన్సీలో 1996లో మొదలైన బ్యాండంట. మార్చి 17 సెయింట్ పాట్రిక్ పండగ, ఐర్లాండోళ్ళకు పెద్ద పండగ, దానికి ఏటా సొంతూళ్ళో పాడతారంట. వేదిక మీద ఒకడు తిత్తి ఊదతా ఉండాడు. ఒకడు హార్మోనియం మాదిరి పెట్టెను మెళ్ళో వేసుకోని లాగతా ఉండాడు. ఇంకొకడు గిటారును కొట్టే తీరు చూస్తే దానితో పాత పొలం తగాదా ఏదో ఉన్నట్టుండాది. కింద జనం భుజాలతో ఒకర్నొకరు గుద్దుకుంటా, పడినోణ్ణి లేపి నిలబెట్టి మళ్ళీ గుద్దతా, పాటంతా తామే పాడతా ఉండారు. కాలు పోగొట్టుకున్న ఒక నావికుడు దాన్ని వెతుక్కుంటా బోస్టన్‌కు పడవెక్కుతాడంట, ఆ పాటలో ఉండేది అంతే. 2005లో వచ్చింది. మన గంగమ్మ కత మాదిరి పెద్ద కతేమీ లేదు, అయినా వేలమంది దానికి ఊగిపోతా ఉండారు. చూస్తా చూస్తా నా కాలు గూడా ఆడింది. కీళ్ళనొప్పి వల్ల ఆడింది, పాట వల్ల కాదు.

దీన్ని కెల్టిక్ పంక్ అంటారు తాతా, నీకు అర్థం కాదులే అన్నాడు. నాకా అర్థం కాంది? ఫోనులో గంటసేపు అడిగి అడిగి వాడి నోటినుంచే అంతా రాబట్టినాను. దీనికి మూలపురుషులు పోగ్స్ అనేవాళ్ళంట. 1982లో లండన్‌లో మొదలుపెట్టినారు. మొదట పెట్టుకున్న పేరు ఐరిష్ భాషలో పచ్చి బూతు. ఆ భాష తెలిసినోళ్ళు బీబీసీ రేడియోకు గోల పెడితే సగం కోసేసుకున్నారు. పాడేది షేన్ మెక్‌గోవన్, ఐర్లాండు నుంచి వలసొచ్చిన అమ్మానాన్నలకు ఇంగ్లండులో పుట్టినోడు. అవ్వాతాతల ఊరి పాటలు, లండన్ వీధుల్లోని కోపం, రెండూ కలిపి అరిచినాడు. వాళ్ళల్లో వేణువు ఊదే ఆయన ఒకోసారి బీరు పళ్ళెంతో తలకేసి కొట్టుకుంటా తాళం వేసేవాడంట! మన పలకలోళ్ళు పలకను మంటకు కాచి, బిగువు చూసుకోని పుల్లతో కొడతారు. తలకాయను ఆ పనికి పెట్టుకోరు. నాగరికత ఎవురిదో నువ్వే చెప్పు.

తిత్తి అంటే మీకు అమెరికా నుంచి రావల్ల. అలిపిరి దాటని మా తాత దానికింద పెరిగినాడు. మేకతోలు ఒలిచి, కుట్టి, వెదురు గొట్టం బిగించి, బుగ్గలు పగిలేట్టు ఊదితే గుమ్మని ఒకే శ్రుతి తెల్లార్లూ నిలిచేది. వీధినాటకానికి, భాగవతానికి అదే ఆధారం. మా జిల్లాలో ద్రౌపదమ్మ గుళ్ళకాడ పద్దెనిమిది దినాల భారతం జరుగుతాది కదా, మా జిల్లా అంటే చిత్తూరు జిల్లా, 2022లో తిరుపతిని విడగొట్టి వేరే జిల్లా చేసినారు గానీ నేనింకా ఒప్పుకోలేదు. పగలు హరికథ, రేత్రి నాటకం, ఆఖరి దినం నేల మీద తాటిచెట్టంత మట్టి దుర్యోధనుడు. ఆ నాటకాల్లోకి హార్మోనియం వచ్చి తిత్తిని తరిమేసింది. మా నాయినకు ఆ కోపం సచ్చేదాకా పోలా. దొరల పెట్టె వచ్చింది, భీముడి గొంతు సన్నబడింది అనేవాడు. ఢిల్లీలో పెద్దోళ్ళకు గూడా అదే కోపం. 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణిలో హార్మోనియానికి ప్రవేశం లేదు. మా నాయిన ఒక్క విషయంలోనే ప్రభుత్వంతో ఏకీభవించినాడు, అది ఇదే. నాకు మాత్రం హార్మోనియం లేని నాటకం నాటకమే కాదు. ఇప్పుడు దాన్ని గూడా తీసేసి కీబోర్డు పెట్టినారు, చూసినావా ఎంత అన్యాయమో!

సరే, ఆ పాటలు బోస్టన్‌కు ఎట్ల చేరినాయంటే, కరువు సంగతికి రావల్ల. 1845లో ఐర్లాండులో ఉర్లగడ్డలకు తెగులు పట్టి పదిలక్షల మంది చచ్చిపోయినారు, ఇంచుమించు అంతమంది ఓడలెక్కినారు. బోస్టన్‌లో దిగినోళ్ళ మనవళ్ళ మనవళ్ళే ఈ తిత్తులు ఊదేది. మనకు 1876లో ధాత కరువు వచ్చింది, రెండేళ్ళు సీమను పీల్చి పిప్పి చేసింది. మనోళ్ళూ వలస పొయినారు. ఇప్పుడు కరువు లేకపోయినా పోతా ఉండారు. పొయినోడికి ఊరి పాట గొంతులో అడ్డం పడతాది, అది ఎట్లోకట్ల బయటికి రావల్ల. మావాడు అది తెలీక పక్కింటోళ్ళ ఊరి పాట పాడుకుంటా ఉండాడు. మనదెందుకు పాడవురా అంటే, మనకు బ్యాండేది తాతా అంటాడు.

బ్యాండేదంట! గద్దర్ ఎవురు మరి? భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్ళకు గజ్జెలు, పక్కన డప్పు. అంతకంటే పంకు యాడుంటాది? 1972లో జననాట్యమండలి కట్టినప్పుడు ఆ లండనోళ్ళకు ఈ ఆలోచనే రాలేదు. ఆయన రాజకీయం నాకు సగం మింగుడు పడదు, గొంతు మాత్రం మొత్తం పడింది. మెక్‌గోవన్ పొయ్యింది 2023 నవంబర్లో, గద్దర్ అదే ఏడు ఆగస్టులో పొయినాడు. మావాడు ఒకరికి మాత్రమే కొవ్వొత్తి వెలిగించినాడు.

వాణ్ణి తిడితే వాడు గూడా ఊరుకోడు. హైదరాబాదులో చౌరస్తా అనే బ్యాండు పాట పంపించినాడు, ఊరెళ్ళిపోతా అని. పల్లెటూరి పదం, జమైకా తాళం. దాన్ని పాడిన రామ్ మిరియాల తర్వాత సినిమాకు పొయ్యి, 2021లో జాతిరత్నాలులో చిట్టి పాట పాడినాడు, అది మా కోడలు గూడా పాడతాది. బాగలేదని చెప్దామని రెండోసారి విన్నాను. మూడోసారి విన్నప్పుడు మావాడు ఫోనులో నవ్వినాడు, పెట్టేసినాను. బాగుంటే మాత్రం ఏమి? కింద నిలబడినోళ్ళు పక్కనోణ్ణి గుద్దరు, తిట్టరు, మసి పూసుకోరు. చప్పట్లు కొట్టి బిర్యానీ తినేదానికి పోతారు. అభిమానులంట. మా జాతరలో అభిమాని అనేవాడే లేడు. చూసేదానికి వచ్చినోడి మొహానికి గూడా ఎవుడో ఒకడు కుంకం పూసేస్తాడు, వాడు గూడా లోపలికే.

ఇంతా విని, వచ్చే మే నెల్లో నేనొస్తా తాతా, వేషం కడతా అన్నాడు. కిల్టు చాలదా అని అడిగినాడు గూడాను. ఒరే, మంగళారం రేత్రి చాటింపు పడినాక, జాతర ముగిసేదాకా ఊరు దాటి పోగూడదు, సెలవు తిన్నంగా అడుక్కో అన్నాను. నాలుగు దినాలే ఇస్తారంట. చెన్నైలో దిగి, ఇంటికొచ్చి, నిద్ర తీరేలోపల దొర వేషం అయిపోతాది, వాడు లేచేటప్పటికి పాలెగాడి తల తెగిపోయుంటాది. మీ ఆఫీసరుకు గంగమ్మ సంగతి రాయరా అన్నాను. ఏం రాస్తాడో ఏమో. మా కోడలు అప్పుడే బీరువా తెరిచి చీరలు తిరగేస్తా ఉండాది. చీరకు ఇబ్బంది లేదు, రవికే కుట్టించల్ల. ఛాతీ కొలత పంపరా అంటే వాట్సాప్‌లో నవ్వే బొమ్మ పంపినాడు. నవ్వే బొమ్మకు టైలరు రవిక ఎట్ల కుట్టేది?